పెరటి జుకినీ విరగకాసినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ చివర్లో మొదటి జుకినీ (సొర, గుమ్మడి కుటుంబపు పొడుగాటి ఆకుపచ్చ కాయ) తెంపిన రోజు ఇంటిల్లిపాదీ దానితో ఫొటో దిగుతారు. జులై మూడో వారానికి ఫ్రిజ్‌లో కూరగాయల అర నిండిపోతుంది, "ఇవాళ కూడా జుకినీయేనా?" అన్న మాట మొదలవుతుంది. అమెరికాలో పెరడున్న తెలుగు ఇళ్ళలో ఏటా ఇదే వరస. మన ఊళ్ళలో మిద్దెతోటల్లో చలికాలపు పంటగా వేసేవాళ్ళకీ, మొక్క ఒంటబట్టిందంటే, ఇదే సమస్య. ఇక్కడి కొలతల్లో కప్పు అంటే 240 మి.లీ., టేబుల్ స్పూను 15 మి.లీ., టీ స్పూను 5 మి.లీ. ఉత్త స్పూను అన్నచోట టేబుల్ స్పూనే.

అసలు జుకినీని మన కూరగాయల్లో దేనిలా అనుకుని వండాలి?

లేత సొరకాయలా అనుకోండి, కానీ సగం సేపే వండండి. బీరకాయకుండే కమ్మటి తీపి దీనికి లేదు, సొరకాయకుండే గట్టిదనం కూడా లేదు. నూటికి 95 పాళ్ళు నీళ్ళు. వంటలో వచ్చే తిప్పలన్నీ ఆ నీటి దగ్గరే మొదలవుతాయి. కూర ముద్దయినా, పచ్చడి జారిపోయినా, దోశ పెనానికి అంటుకున్నా కారణం అదే. నీటిని ముందే పిండెయ్యాలా, మంట మీద ఇగరబెట్టాలా, పిండికో పప్పుకో తాగించాలా అన్నది మొదటే తేల్చుకుంటే సగం వంట అయినట్టే.

రెండో సంగతి సైజు. తెంపుకొచ్చిన కాయల్ని మూడు కుప్పలుగా వేరుచేయండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కాయలు వేపుడుకీ కూరకీ. పది, పన్నెండు అంగుళాలవి పప్పుకీ పచ్చడికీ తురుముకీ. అంతకు మించినవి, అంటే ఆకుల చాటున దాక్కుని మోచేయంత పెరిగినవి, పులుసుకీ హల్వాకీ వడియాలకీ. పెద్దకాయతో వేపుడు చేయబోతే గింజలు, బెండులాంటి గుజ్జు తప్ప ఏమీ మిగలదు.

చెక్కు తీయాలా?

లేతవాటికి అక్కర్లేదు. రంగూ కాస్త పట్టూ ఉండేది తొక్కలోనే. తొక్క తీస్తే ముక్క నిలవదు. గోరు గుచ్చి చూడండి, సులువుగా దిగితే తొక్కతోనే వండండి. గోరు దిగకపోతే చెక్కు తీసి, నిలువుగా చీల్చి, గింజల గుజ్జుని గరిటతో గీకి పారేయండి.

చాలా కాయలు ఒకేసారి చెక్కు తీస్తే చేతులకి జిగురు పట్టి, చర్మం బిగుసుకుపోయి పొట్టు రేగినట్టు అవుతుంది. సబ్బుతో కడిగినా వెంటనే వదలదు. ముందే రెండు చుక్కల నూనె రాసుకుంటే ఆ బాధ ఉండదు.

ఒక కాయ చేదుగా ఉంది. ఉప్పు రాసి పిండేస్తే, లేదా పులుసు పెట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. జుకినీ, సొర, దోస, గుమ్మడి కుటుంబంలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. అమ్మే విత్తనాల్లో ఆ చేదు దాదాపు లేకుండా మేలురకాలు తయారుచేశారు. కానీ పక్కనే అలంకారపు గుమ్మడి తీగలుంటే తేనెటీగల వల్ల పుప్పొడి కలుస్తుంది. అలా కలిసిన కాయ బాగానే ఉంటుంది, చేదంతా దాని గింజల నుంచి మరుసటేడు వచ్చే మొక్కలో బయటపడుతుంది. అందుకే సొంతంగా దాచిన గింజలతో వేసిన మొక్కల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. మొక్క ఎండకీ నీటి ఎద్దడికీ అల్లాడినా చేదు పెరగొచ్చు.

ఈ పదార్థాలు ఉడికిస్తే పోవు. కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. 2015లో జర్మనీలో పెరట్లో కాసిన చేదు జుకినీ కూర తిని ఒక పెద్దాయన చనిపోయాడు. మన ఇళ్ళలో సొరకాయ, బీరకాయ, దోసకాయ కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూసే అలవాటుంది కదా, అదే ఇక్కడా పాటించండి. ప్రతి కాయనీ కాడవైపు నుంచి చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టుకోండి. చేదు తగిలితే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, కాయ మొత్తం పారేయండి. అప్పటికే పప్పులో పడిపోయి ఉంటే పప్పూ పోయినట్టే. తిన్నాక వాంతులు మొదలైతే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

తెంపిన కాయలు ఎన్నాళ్ళు నిలవుంటాయి?

ఫ్రిజ్‌లో వారం. కడగకుండా, తడి తుడిచి, నోరు తెరిచిన సంచిలో కూరగాయల అరలో పెట్టండి. కడిగి పెడితే తొక్క మీద జిగురు వస్తుంది. బాగా చల్లగా ఉండే వెనక గోడకి ఆనించి పెడితే తొక్క మీద గుంటలు పడి, వాటిలోంచి కుళ్ళు మొదలవుతుంది. ఈ కాయ 41 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ చలిని ఓర్చుకోదు. తెంపేటప్పుడు మెలితిప్పకుండా కత్తితో అంగుళం కాడ ఉంచి కోస్తే ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆగుతుంది. మోచేయంత కాయ తొక్క గట్టిది కాబట్టి గచ్చు మీద నీడలోనే కొన్నాళ్ళు ఉంటుంది. వాటికోసం ఫ్రిజ్‌లో చోటు వృథా చేయకండి.

వేపుడు ప్రతిసారీ కూరలా అయిపోతోంది. ఎందుకు?

మూడు కారణాలు: ముక్క సన్నం, బాణలి ఇరుకు, ఉప్పు ముందు.

అర కేజీ లేత కాయల్ని నిలువుగా రెండుగా చీల్చి, వేలి మందాన అర్ధచంద్రాకారంగా కోయండి. పన్నెండు అంగుళాల ఇనప పెనం బాగా వేడెక్కాక టేబుల్ స్పూను నూనె వేసి, ముక్కల్లో సగం మాత్రమే ఒక వరసలో పరవండి. ఇక్కడ చేయి ఊరుకోదు, గరిట పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. మొదట ముక్క పెనానికి కరుచుకున్నట్టే ఉంటుంది. రెండున్నర, మూడు నిమిషాలకి అడుగున గోధుమరంగు తిరిగి దానంతటదే వదులుతుంది. అప్పుడు తిప్పి, రెండో వైపు ఇంకో రెండు నిమిషాలు. పళ్ళెంలోకి తీసి, మిగతా సగం ఇంకో స్పూను నూనెతో అలాగే వేయించండి. మూత జోలికి వెళ్ళొద్దు, మూత పెట్టిన వేపుడు ఆవిరికి ఉడుకుతుంది.

పొడికి: పావు కప్పు పుట్నాలు, ఐదు ఎండుమిర్చి, అర టీ స్పూను జీలకర్ర, ముప్పావు టీ స్పూను ఉప్పు మిక్సీలో వేసి, చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పండి. అదే పెనంలో ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు పోపు వేగాక వేయించిన ముక్కలన్నీ తిరిగి వేసి, పొయ్యి ఆపేసి, మూడు స్పూన్ల పొడి చల్లి ఒకసారి ఎగరేయండి. ఉప్పంతా పొడిలోనే ఉంది, ముక్కలకి విడిగా వేయలేదు. అందుకే నీరు ఊరడానికి సమయం ఉండదు, ఊరిన కాస్తా పుట్నాలు పీల్చుకుంటాయి. పది నిమిషాల్లో వడ్డించేయాలి. మధ్యాహ్నానికి డబ్బాలో కట్టాల్సిన కూర కాదిది. డబ్బాకైతే శనగపిండి చల్లి మగ్గబెట్టిన కూర నయం.

కుక్కర్లో పప్పుతోపాటు వేస్తే మాయమైపోతోంది. మాయమవడమే కావాలనుకుంటే?

తినని పిల్లలున్న ఇంట్లో అదే వరం. ముప్పావు కప్పు కందిపప్పుకి పెద్ద ముక్కలుగా కోసిన 300 గ్రాముల జుకినీ, నాలుగు పచ్చిమిర్చి, పసుపు వేసి, మామూలుగా రెండు కప్పుల నీళ్ళు పోసేచోట ఒకటిన్నర కప్పులే పోయండి. మిగతా నీరు కాయే ఇస్తుంది. చింతపండు రసం పప్పు ఉడికి మూత తీశాకే పోయాలి, ముందు పోస్తే పులుపుకి కందిపప్పు బిరుసెక్కి మెదగదు.

ముక్క కనబడాలంటే పెసరపప్పు పట్టండి. అరకప్పు పెసరపప్పు ఒక కప్పు నీళ్ళలో పలుకుగా ఉడికించి, పోపులో ముక్కల్ని మూత లేకుండా ఐదు నిమిషాలు వేయించి, అందులో పప్పు కలిపి రెండు నిమిషాలు ఉంచితే చాలు. దింపాక నిమ్మరసం.

బీరకాయ పచ్చడిలా రోటి పచ్చడి వస్తుందా?

వస్తుంది, పైగా పండిన కాయల్ని తరగదీయడానికి ఇంతకు మించిన దారి లేదు. కేజీ ముక్కలు వేగి, మెదిగి, చివరికి రెండు కప్పులకి మించవు.

400 గ్రాముల జుకినీని తొక్కతోనే అంగుళం ముక్కలు చేయండి. టేబుల్ స్పూను నూనెలో రెండు టేబుల్ స్పూన్ల పల్లీలు, ఎనిమిది పచ్చిమిర్చి వేయించి తీయండి. ఇండియన్ స్టోరు సన్న మిర్చి కాకుండా సెరానో అయితే ఐదు సరిపోతాయి. జలపీన్యో వాడితే కారం తేలిపోయి, పచ్చిమిర్చి కంటే క్యాప్సికం వాసన ఎక్కువ వస్తుంది. అదే బాణలిలో ముక్కలు వేసి, పెద్ద మంట మీద, మూత లేకుండా పన్నెండు నిమిషాలు వేయించండి. ముందు నీరు వదిలి బుడగలొస్తుంది, తర్వాత ఆ చప్పుడు తగ్గి చిటపట మొదలవుతుంది. ఆ చిటపట వినబడేదాకా ఆపొద్దు. పొయ్యి ఆపాక ఉసిరికాయంత చింతపండు ఆ వేడి ముక్కల్లో గుచ్చి వదిలేయండి, దానంతటదే మెత్తబడుతుంది. నీళ్ళలో నానబెట్టారా, మళ్ళీ నీళ్ళు చేర్చినట్టే.

పూర్తిగా చల్లారాక ముందు పల్లీలు, మిర్చి, చింతపండు, అర టీ స్పూను జీలకర్ర, ఉప్పు నూరండి. ఆ తర్వాతే ముక్కలు వేసి రెండంటే రెండు తిప్పులు. వేడి మీద రుబ్బితేనో, ఎక్కువసేపు తిప్పితేనో నురగెత్తి పిల్లల సెరెలాక్ లాగా తయారవుతుంది. పైన ఇంగువ పోపు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులుంటుంది.

పల్లీల బదులు నువ్వులు వేస్తే మూడో రోజుకి రుచి ఇంకా బాగుంటుంది. పెరుగు పచ్చడికి మాత్రం తురుము వేయించి, చల్లారాకే పెరుగులో కలపాలి. పచ్చి తురుము కలిపితే గంటలో మజ్జిగ పులుసులా పలచబడిపోతుంది.

సర్వపిండిలో సొరకాయ బదులు వేయొచ్చా?

వేయొచ్చు. సొరకాయ సర్వపిండి తెలిసిన తెలంగాణ ఇళ్ళలో జుకినీ ఎక్కువైతే మొదట గుర్తొచ్చేది ఇదే. కాయ నీటికి ఇక్కడ పనుంది కాబట్టి తురుముని పిండి ఆ నీరు పారబోయనక్కర్లేదు.

రెండు కప్పుల బియ్యప్పిండి, ఒకటిన్నర కప్పుల జుకినీ తురుము, అరగంట నానిన రెండు స్పూన్ల శనగపప్పు, పావు కప్పు కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు స్పూన్ల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లాకు గుప్పెడు, కరివేపాకు, ఐదు ఎల్లిపాయ రెబ్బలు జీలకర్రతో నూరిన ముద్ద, ఒకటిన్నర టీ స్పూన్ల కారం, టీ స్పూను ఉప్పు. నీళ్ళు పోయకుండా అన్నీ పిసికి పది నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఉప్పుకి తురుము చెమ్మగిల్లి పిండి సగం తడుస్తుంది. అప్పుడు చేత్తో నీళ్ళు చిలకరిస్తూ, రొట్టెపిండి కంటే కొంచెం మెత్తగా కలపండి. ముందే నీళ్ళు పోసి కలిపితే పది నిమిషాలకి పిండి జారుడై, తట్టబోతే వేళ్ళకే అంటుకుపోతుంది. అప్పుడిక బియ్యప్పిండి చల్లుతూ పోవడం, కారం ఉప్పు తగ్గిపోవడం.

చల్లటి మందపాటి గిన్నెలో నూనె రాసి, నారింజపండంత ముద్దని అడుగంతా పలచగా తట్టండి. వేలితో ఏడెనిమిది చిల్లులు పెట్టి, ఒక్కోదాంట్లో రెండు చుక్కల నూనె. మూతపెట్టి సన్నటి మంట మీద పది నిమిషాలు. అంచులు గిన్నెని వదిలి, అడుగు ఎర్రగా కాలితే అయినట్టు. తిప్పి కాల్చే పనిలేదు. రెండోది వేసేముందు గిన్నె వెనక్కి తిప్పి నీళ్ళు పోసి చల్లార్చి, తుడుచుకోవాలి. వేడి గిన్నెలో పిండి తట్టలేరు, చేయి కాలుతుంది. రెండు గిన్నెలుంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవచ్చు.

దోశలో, చపాతీలో తురుము కలిపితే?

పెసరట్టు పిండిలో బాగా కలిసిపోతుంది: రెండు కప్పుల పిండికి పిండేసిన తురుము ఒక కప్పు. మామూలు దోశ పిండిలో వేస్తే కరకర రాదు, ఊతప్పంలా మందంగా వేసుకోవాలి. చపాతీ పిండికి తురుము కలిపితే నీళ్ళు అసలు పోయకుండా పిసికి, వెంటనే ఒత్తేయండి. అరగంట ఆగితే పిండి జావైపోతుంది.

తురుము పిండితే ఎంత నీరు వస్తుంది? ఆ నీరు పారబోయాలా?

అర కేజీ కాయలు, అంటే ఎనిమిది అంగుళాలవి రెండు, తురిమితే సుమారు నాలుగు కప్పులు. టీ స్పూను ఉప్పు కలిపి పావుగంట జల్లెడలో వదిలి, పలచటి బట్టలో మూటకట్టి మెలితిప్పితే అరకప్పు దాకా ఆకుపచ్చ నీరు దిగుతుంది, తురుము దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ నీటిలో ఉప్పుందని గుర్తుంచుకుని చారులోకో, పిండి కలపడానికో వాడేయండి. అప్పుడు వంటలో ఉప్పు తగ్గించాలి. ఉప్పు సంగతి మరిచిపోవడమే ఇక్కడ తరచుగా జరిగే తప్పు.

వారం ఊరెళ్ళొచ్చేసరికి కాయ మోచేయంత అయింది. పనికొస్తుందా?

చేదు లేకపోతే నిక్షేపంగా. చెక్కు తీసి, గింజల గుజ్జు తీసేశాక మిగిలేది బూడిద గుమ్మడికాయలా తెల్లటి గట్టి కండ. దప్పళంలో మునక్కాయ, చిలగడదుంప, ఉల్లిపాయలతోపాటు రెండంగుళాల ముక్కలు వేయండి. కాకపోతే మిగతావి ముప్పావు వంతు ఉడికాకే. పాలుపోసిన కూరకీ ఇదే మంచిది: అర కేజీ ముక్కలు పోపులో తమ నీటితోనే మగ్గాక, అరకప్పు పాలలో టీ స్పూను బియ్యప్పిండి కలిపి పోసి, సన్నసెగ మీద మూడు నిమిషాలు ఉంచి, దించాక ఉప్పు వేయండి. పెద్ద మంట మీద ఉడకబెట్టినా, పుల్లటి టమాటా ఒకటి పడినా పాలు విరుగుతాయి.

హల్వాకి కూడా ఈ పెద్దకాయే. పిండిన తురుము నాలుగు కప్పులు (ఉప్పు వేయకుండా ఉత్తినే పిండండి) రెండు స్పూన్ల నెయ్యిలో పచ్చివాసన పోయేదాకా పదిహేను నిమిషాలు వేయించి, రెండు కప్పుల చిక్కటి పాలు పోసి, అవి పూర్తిగా ఇగిరాకే ముప్పావు కప్పు పంచదార వేయండి. పంచదార ముందు వేస్తే తురుము బిగుసుకుపోతుంది, మళ్ళీ నీరు వదులుతుంది. నెయ్యి పక్కలకి తేలాక యాలకులు. ఆకుపచ్చ రంగు కలపాలా అంటే, మిఠాయి కొట్టు హల్వా కాదుగా, వద్దు.

వడియాలు పెట్టొచ్చా?

పెద్దకాయతోనే. గింజలు తీసిన కండని చిన్న ముక్కలు చేసి, కేజీకి రెండు టీ స్పూన్ల ఉప్పు, అర టీ స్పూను పసుపు కలిపి, బట్టలో మూటకట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. బూడిద గుమ్మడి వడియాల పద్ధతే. పొద్దున కప్పు మినప్పప్పుని నీళ్ళు వీలైనంత తక్కువగా, గారెలపిండి కంటే గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, ఇంగువతో ముక్కల్లో కలపండి. పిండికి రెట్టింపు ముక్కలుండాలి. రుచి చూశాకే ఉప్పు చేర్చండి.

టెక్సాస్‌లోనో, కాలిఫోర్నియా లోపలి ఊళ్ళలోనో జులై ఎండకి మూడు రోజుల్లో గలగలలాడతాయి. గాలిలో తేమ ఎక్కువున్న తూర్పు రాష్ట్రాల్లో ఎండని నమ్ముకుంటే రెండో రోజుకి పులిసి, మూడో రోజుకి బూజు పడుతుంది. అక్కడ డీహైడ్రేటర్‌లో 135 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టడమే మేలు. ఒకటి విరిచి చూడండి, మధ్యలో చెమ్మ ఉంటే ఇంకా కాలేదు. వడియం పళ్ళెంలో చదునుగా పరుచుకుపోయిందంటే పిండి జారు. వేయించినా గుల్లగా రాదు, పన్ను విరిగేలా ఉంటుంది.

ఆవకాయలా ఊరగాయ పెట్టి బయట ఉంచొచ్చా? సీసాల్లో క్యానింగ్ (గాలి చొరకుండా మూసి, వేడిచేసి నిలవచేయడం) చేస్తే?

రెండూ వద్దు. ఆవకాయ ఏడాది నిలవడానికి కారణం నూనె ఒక్కటే కాదు. మామిడి పులుపు, దండిగా ఉప్పు, తడి లేని ముక్క, ఈ మూడూ కలిసి కాపాడతాయి. జుకినీకి పులుపు లేదు, నీరు మాత్రం కావలసినంత. దాన్ని నూనెలో ముంచి గది వేడిలో పెడితే గాలి ఆడదు, పులుపు ఉండదు. బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవికి సరిగ్గా అలాంటి చోటే కావాలి. ఆ విషానికి రంగు, వాసన కనబడాలనేమీ లేదు. దోసావకాయలా అప్పటికప్పుడు ఆవపిండి, కారం, నూనె, ధారాళంగా నిమ్మరసం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో తినేయండి, హాయిగా ఉంటుంది.

ముక్కల్ని ఉత్త నీళ్ళలో సీసాలకెత్తే క్యానింగ్‌కి అమెరికా వ్యవసాయ శాఖ సిఫార్సు చేసే పద్ధతి ప్రస్తుతం లేదు. ప్రెషర్ క్యానర్ ఉన్నా సరే. మెత్తటి ముక్కలు సీసాలో ఒత్తుకుపోయి, మధ్యదాకా వేడి ఎంతసేపటికి చేరుతుందో నమ్మకంగా చెప్పలేకపోవడమే దానికి కారణం. వెనిగర్‌తో చేసే పికిల్‌కైతే పరీక్షించిన కొలతలున్నాయి. వాటిలో వెనిగర్ పాళ్ళు తగ్గించకండి.

ఫ్రీజర్‌లో ఎలా దాచాలి?

ఎలా వండబోతున్నారో ముందు తేల్చుకోండి. కరిగాక ముక్క మెత్తబడి నీరు కారుతుంది కాబట్టి ఫ్రీజర్ ముక్కలతో వేపుడు ఆశించొద్దు. పప్పు, పులుసులకి అర అంగుళం ముక్కల్ని మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు వేసి, వెంటనే ఐసు నీళ్ళలోకి మార్చి, బట్ట మీద ఆరనిచ్చి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించాక సంచుల్లో నింపండి. ఒకేసారి సంచిలో కుక్కితే ఇటుకలా తయారై, అరకప్పు కావలసినప్పుడు సుత్తి వెతుక్కోవాలి.

తురుమైతే ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పట్టి, చల్లార్చి, ఒక్కో వంటకి సరిపడా కొలిచి, సంచిలో పలచగా పరిచి గాలి తీసేయండి. సంచి మీద కప్పులు, తేదీ రాయండి. ఆవిరి పట్టకుండా పెట్టినా గడ్డకడుతుంది, కానీ నెలా రెండు నెలలకి రంగు మారి గడ్డివాసన వేస్తుంది. పద్ధతిగా పెట్టినవి సంక్రాంతి దాటాక కూడా బాగుంటాయి. కరిగించాక వచ్చే నీటిని పిండాకే పిండిలో కలపండి.

పువ్వులు కూడా తినొచ్చంటారు. ఏవి కోయాలి?

సన్నటి పొడుగు కాడ మీద ఉండేవి మగపువ్వులు, మొదట్లో బుల్లి కాయ ఉండేవి ఆడవి. పొద్దున్నే విచ్చుకున్న మగపువ్వులు కోసి, లోపల తేనెటీగ ఉందేమో చూసి, మధ్య పుప్పొడి కాడ తుంచేయండి. అరకప్పు శనగపిండి, రెండు స్పూన్ల బియ్యప్పిండి, వాము, కారం, ఉప్పు కలిపి మిరపకాయ బజ్జీ పిండి కంటే పలచగా చేసి ముంచి వేయించండి. పరాగ సంపర్కానికి నాలుగైదు మగపువ్వులు మొక్కకే వదలాలి. అసలు కాపే తగ్గాలనుకుంటే ఆడపువ్వుల్ని పిందెతో సహా కోసి బజ్జీ వేయండి. కాయల బెడద తీరే పద్ధతుల్లో ఇంత రుచిగా ఉండేది మరొకటి లేదు.

ఇక తినలేం. పంచడం ఎలా?

ఆరంగుళాలున్నప్పుడే పంచండి. మోచేయంత కాయ ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు మొహమాటానికి నవ్వుతారు, అంతే. అమెరికాలో ఆగస్టు 8న పొరుగింటి వరండాలో చెప్పకుండా జుకినీ పెట్టి వచ్చే దినమని ఒక సరదా రోజే ఉంది, కాబట్టి ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు. కాయతోపాటు ఒక చిన్న సీసా రోటి పచ్చడి కూడా ఇస్తే రెండోసారి వాళ్ళే అడుగుతారు. ఫుడ్ బ్యాంకులు కొన్ని పెరటి కూరగాయలు తీసుకుంటాయి, ముందు ఫోన్ చేసి ఏ రోజు తేవాలో కనుక్కోండి.

వచ్చే ఏడు ఇంత కాయకుండా ఏం చేయాలి?

నలుగురున్న ఇంటికి ఒక మొక్క, మహా అయితే రెండు. విత్తనాల పొట్లంలో పాతిక గింజలున్నాయని పాతికా నాటక్కర్లేదు. కాపు మీదున్నప్పుడు రోజు విడిచి రోజు ఆకులు ఎత్తి చూడాలి. నూగు గుచ్చుకుని మోచేతులు దురదపెడతాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ముదురుకాయ ఒకటి మొక్క మీదే వదిలితే కొత్త పిందెలు తగ్గుతాయి. కాపు వద్దనుకున్న వారం ఇది మీకు సాయపడుతుంది, కావాలనుకున్న వారం తెలియక జరిగితే నష్టం.

పాడైపోయిన కాయల్ని కంపోస్టులో వేయొచ్చా?

వేయొచ్చు. ముక్కలు చేసి, ఎండుటాకులు లేదా చింపిన అట్టపెట్టెలు రెండింతలు కలిపి వేయండి, లేకపోతే నీరు దిగి కుప్ప కంపుకొడుతుంది. ముదురుకాయ గింజలు కంపోస్టులో చావకుండా వచ్చే వసంతంలో ఎక్కడపడితే అక్కడ మొలకెత్తుతాయి. ఆ మొక్కల తల్లి తెలుసుగానీ తండ్రి ఎవరో తెలియదు, చేదుకాయలు కాసే అవకాశముంది. ఎంత ముద్దుగా ఉన్నా, రెండాకుల మీదున్నప్పుడే పీకేయండి.